తాళం ఉన్న పెట్టె

వడ్రంగి నోట్లోంచి మాట రావాలంటే ముందు చెవి మీదున్న పెన్సిలు కదలాలి. షెడ్డులో అందరూ అలాగే అనేవారు. ఇదెలా చెయ్యాలి అని ఎవరైనా వచ్చి అడిగితే, పెన్సిలు తీసి చెక్క మీద ఒక గీత గీసేవాడు. మళ్ళీ చెవి మీద పెట్టుకునేవాడు. అంతే, అదే జవాబు. పాత రైలు పెట్టెలను బాగుచేసే షెడ్డు అది. బల్లలు, కిటికీ రెక్కలు, తలుపులు, లోపలి చెక్క గోడలు ఆయన చేతిలో పడితే ముసలి పెట్టె కూడా ముస్తాబై బయటికి వెళ్ళేది.

ఇంట్లో మాటల శాఖ భార్యది. ఆమె వీధివాళ్ళందరికీ బట్టలు కుట్టేది. కాలు మిషను తొక్కుతుంటే నోరు దానంతటదే తిరిగేది. "మా ఆయన వాటా మాటలు కూడా నాకే వచ్చిపడ్డాయి, ఏం చెయ్యను, ఖర్చు పెట్టాలిగా" అనేది.

ఆమెకి ఉన్న బాధల్లా ఒక్కటే. కత్తెర.

గుడ్డ కత్తెర అది. గుడ్డ తప్ప ఇంకోటి కొయ్యకూడదు. ఆ ఇంట్లో మాత్రం అది కొయ్యని వస్తువు లేదు. కోడలు పాలప్యాకెట్టు మూల కోసేది. తాపీపని చేసే తమ్ముడు వచ్చినప్పుడల్లా దాంతోనే ఇనపతీగ తెంపేవాడు. పక్కింట్లో ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఎండైనా వానైనా చేతిలో గొడుగు లేనిదే గడప దాటడు గనక వీధంతా గొడుగాయన అనేది. ఆయన గోడ మీంచి చెయ్యి చాపి, "చెల్లెమ్మా, ఒక్క నిమిషం" అని పట్టుకెళ్ళి మీసం కత్తిరించుకునేవాడు. అందరికంటే ఘోరం వడ్రంగే. ఏకంగా చెక్క నున్నగా రుద్దే ఉప్పుకాగితం కత్తిరించేవాడు. అది కోశాక ఆ కత్తెర గుడ్డని కొయ్యదు, కొరుకుతుంది.

"నా కత్తెరేది?" అన్న కేకతోనే ఆ ఇల్లు నిద్ర లేచేది.

మిషనుకి కూడా ఒక చోటంటూ లేదు. వరండాలో వేస్తే జల్లు. హాల్లో వేస్తే ఎవరైనా వచ్చినప్పుడల్లా ఎత్తి మూల పెట్టాలి. వంటగది గుమ్మం దగ్గర వేస్తే కోడలు గరిటె పట్టుకుని దాటుకుంటూ పోవాలి. సగం కుట్టిన జాకెట్లు మంచాల మీద, కుర్చీల మీద, ఒక్కోసారి వచ్చిన చుట్టాల ఒళ్ళో కూడా ఉండేవి.

వడ్రంగి ఇంక కొన్నాళ్ళకి పని మానేస్తాడనగా ఒక సాయంత్రం ఆమె మిషను ఆపి చెప్పింది.

"ఏమండీ, మీరు రిటైరయ్యాక నాకు చీరలొద్దు, నగలొద్దు. ఒక పెట్టె కావాలి. తాళం ఉన్న పెట్టె. నాదంటూ ఒకటి. నా గుడ్డలూ, దారాలూ, కత్తెరా అన్నీ అందులో పెట్టుకుని తాళం వేసుకుంటా. ఇంకొకళ్ళ చెయ్యి పడకూడదు. చెయ్యగలరా?"

వడ్రంగి చెవి మీంచి పెన్సిలు తీశాడు. కాసేపు దాన్నే చూశాడు. మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు.

"సరే" అన్నాడు.

పెన్సిలు కదిలిందంటే పని అయినట్టే. ఆమె మహా సంతోషంగా మళ్ళీ మిషను తొక్కింది.

ఇక్కడే వచ్చింది చిక్కంతా. బయటివాళ్ళు రైలుకి ఉండే ఒక్కోదాన్నీ బోగీ అంటారు. షెడ్డులో అలా అంటే నవ్వుతారు. అక్కడ బోగీ అంటే కింద చక్రాలుండే ఇనప బండి. పైన మనుషులు కూర్చునేది పెట్టె. వడ్రంగి బతుకంతా ఆ మాటతోనే గడిచింది. పొద్దున వెళ్ళగానే "ఏ పెట్టె?" అని అడిగేవాడు, సాయంత్రం "పెట్టె అయిపోయింది" అని చెప్పి వచ్చేవాడు. పెట్టె అంటే ఆయన కళ్ళకి కిటికీలే కనపడతాయి. మూత కనపడదు.

ఇంకో సంగతి కూడా ఉంది. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఆమె ఆయనకి అన్నం క్యారేజీ పట్టుకుని షెడ్డుకి వెళ్ళింది. అప్పుడక్కడ ఒక చిన్న పాత పెట్టె ఉంది. నాలుగే చక్రాలు, బస్సంత పొడవు, ఒళ్ళంతా చెక్క. ఆమె మెట్టెక్కి లోపలికి తొంగిచూసి, "అబ్బ, రెండు వైపులా ఎంత వెలుతురో! ఇందులో మిషను వేసుకుంటే సూదిలో దారం కళ్ళు మూసుకుని ఎక్కించొచ్చు" అంది. అని మర్చిపోయింది. మాటలు బోలెడున్నవాళ్ళు మర్చిపోతారు. లేనివాళ్ళు దాచుకుంటారు.

ఆ పెట్టె ఇంకా షెడ్డు వెనకాల పిచ్చిమొక్కల్లో నిలబడే ఉంది. దాన్ని ముక్కలు చేసి ఇనుము ఇనుముకీ, చెక్క పొయ్యిలోకీ పంపాలని నిర్ణయమైపోయింది. రిటైరైన రోజునే వడ్రంగి వెళ్ళి షెడ్డు పెద్ద ముందు నిలబడ్డాడు. పెన్సిలు తీసి, బల్ల మీదున్న కాగితం మీద ఆ పెట్టె బొమ్మ గీశాడు. దాని పక్కన ఒక ఇల్లు గీశాడు. పెట్టె నుంచి ఇంటికి ఒక బాణం గీశాడు. షెడ్డు పెద్ద చాలాసేపు నవ్వాడు.

"తీసుకుపోవయ్యా. కానీ వచ్చే ఆదివారం క్రేను వస్తుంది. ఆవేళ అది నీ ఇంటికైనా వెళ్ళాలి, ముక్కలైనా అవ్వాలి. ఇంకో వారం ఆగమంటే నా వల్ల కాదు" అన్నాడు.

*

మర్నాడే పెరట్లో గునపం పడింది. తాపీపని చేసే బావమరిది వచ్చాడు. బావ ఎంత మాట్లాడడో వీడు అంత వాగుతాడు, అక్క పోలిక.

"ఏం బావా, రిటైరయ్యావు కదా, హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చోక ఈ తవ్వకం ఏంటి? నిధి గానీ దొరికిందా?"

వడ్రంగి నేల మీద గీత గీసి చూపించాడు. ఇటు నుంచి ఇటు తవ్వాలి. అడుగున గులకరాయి, దాని మీద కంకర, కంకర మీద కొయ్య దూలాలు, దూలాల మీద రెండు పట్టాలు, పట్టాల మీద పెట్టె. అంత బరువు మెత్తటి మట్టి మీద పెడితే ఒక వానకే ఒక పక్కకి ఒరుగుతుంది. బావమరిదికి పని తెలుసు. సన్నటి గొట్టంలో నీళ్ళు నింపి, ఈ చివర ఒకరు ఆ చివర ఒకరు పట్టుకుని మట్టం చూసుకున్నారు. ఎత్తున్నచోట చెక్కారు, పల్లమున్నచోట పోసి దిమ్మిస కొట్టారు.

ఆమె వంటగది గుమ్మంలోంచి చూసి, "ఏం చేస్తున్నారండీ?" అని అడిగింది.

"పెట్టెకి చోటు" అన్నాడు వడ్రంగి.

పెట్టె చెయ్యడానికి చోటు కాబోలనుకుంది ఆమె. చెక్కలు పేర్చుకోవాలి, బల్ల వేసుకోవాలి, పైన రేకు కప్పుకోవాలి, మరి వడ్రంగి అన్నాక ఆ మాత్రం ఉండదా? వచ్చిన ప్రతి ఆడమనిషికీ చెప్పింది. "మా ఆయన తన చేత్తో చేస్తున్నారు పెట్టె. కొన్నది కాదు. ఎంత బందోబస్తుగా చేస్తారో ఏమో, అడుగున రాళ్ళు పోసి మరీ మొదలుపెట్టారు!"

పని చకచకా సాగింది. సాగి సాగి చిక్కుడు పందిరి దగ్గర ఆగింది. ఆ పందిరి ఆమెది. నాటింది ఆమె, నీళ్ళు పోసింది ఆమె, దాని నీడలో కూర్చుని కాజాలు కుట్టేది కూడా ఆమే. పెట్టె నిలవాల్సిన చోటుకి సరిగ్గా నడిమధ్య ఉందది. ఆమే పెట్టె అడిగింది, ఆమే తీయించమంటుందిలే అని వడ్రంగి దాని జోలికి పోలేదు.

ఆ మధ్యాహ్నం చొక్కా మార్చుకుందామని గదిలోకి వెళ్ళిన వడ్రంగికి మంచం పక్కన మూల తళతళా తుడిచి కనపడింది. నాలుగు ఇటుకలు నాలుగు మూలలా పేర్చి ఉన్నాయి, వాటి మీద పాత గుడ్డ కూడా పరిచి ఉంది.

"ఇవేంటి?" అన్నాడు.

"పెట్టెకండీ" అంది ఆమె మురిసిపోతూ. "కింద చెమ్మ తగలకుండా. సరిపోతుందా, ఇంకాస్త జరపనా?"

వడ్రంగి ఆ ఇటుకలవంక చూశాడు. భార్యవంక చూశాడు. కిటికీలోంచి పెరట్లో కంకర గుట్టవంక చూశాడు. పెన్సిలు చెవి మీంచి చేతిలోకొచ్చింది, చేతిలోంచి చెవి మీదికెళ్ళింది, మళ్ళీ చేతిలోకొచ్చింది.

"సరిపోతుంది" అని బయటికొచ్చేశాడు.

సంగతి విని బావమరిది కంకర గుట్ట మీద వెనక్కి పడి మరీ నవ్వాడు.

"బావా! అక్క ట్రంకుపెట్టె అడిగితే నువ్వు రైలు పెట్టె తెస్తున్నావా! పోనీలే, రోలు అడిగుంటే కొండ తెచ్చేవాడివి!"

"చెప్పవా?" అన్నాడు వడ్రంగి బతిమాలుతూ.

"నేనా? నా వల్ల కాదు బాబూ. నాకు అక్క ఒక్కతే ఉంది. నీ పెళ్ళాం, నీ పెట్టె, నువ్వే చెప్పుకో."

*

చెప్పాల్సిన పని వడ్రంగికి లేకుండా క్రేను డ్రైవరు చేసిపెట్టాడు. సందు వెడల్పు చూసుకుందామని వచ్చాడు. మగాళ్ళిద్దరూ దూలాలు తేవడానికి వెళ్ళారు. ఆమె పందిరి కింద కాజాలు కుడుతోంది.

"అమ్మా, ఆదివారం పెట్టె దించేస్తాం. ఈలోగా ఈ పందిరి తీయించండి" అన్నాడు డ్రైవరు.

"పెట్టె దించడానికి పందిరి తీయడమేంటి నాయనా? ఇంట్లోకి పట్టుకొచ్చి మంచం పక్కన పెట్టండి. ఇద్దరు మనుషులు చాలరూ?"

డ్రైవరు ఇంటివంక చూశాడు. "మంచం పక్కనా? ఇంట్లోకెలా వస్తుందమ్మా?"

"తలుపులోంచి."

"పెట్టెకే రెండు తలుపులున్నాయి కదమ్మా!"

"పెట్టెకి మూత ఉంటుంది గానీ తలుపులేంటయ్యా?"

"కిటికీలు కూడా ఉన్నాయి. చక్రాలన్నా తీసేద్దామంటే పెద్దాయన ఒప్పుకోలేదు."

"చక్రాలుంటే మంచిదేగా. ఊడ్చేటప్పుడు అటూ ఇటూ జరుపుకోవచ్చు."

డ్రైవరు తల గోక్కున్నాడు. "ఒక్కో చక్రం మీ నడుమెత్తు ఉంటుందమ్మా. ఏం ఊడుస్తారు మీరు?"

అప్పుడే సందు మలుపులో నల్లటి కొయ్య దూలాలతో బండి వచ్చి ఆగింది. బండి మీద వడ్రంగి కూర్చుని ఉన్నాడు. ఆమె దూలాలవంక చూసింది, తవ్విన చోటువంక చూసింది, మళ్ళీ మొగుడివంక చూసింది. ఎప్పుడో షెడ్డులో ఎక్కిన మెట్టు గుర్తుకొచ్చిందో లేదో మొహం చూస్తే తెలియలేదు. చేతిలో జాకెట్టు మడిచి, సూది జాకెట్టుకి గుచ్చి, లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఒక్క మాట అనలేదు.

తిడితే బాగుండేది. ఆ ఇంట్లో తిట్లు వినపడితే క్షేమంగా ఉన్నట్టు. ఆ రోజు వినపడలేదు. మర్నాడూ వినపడలేదు. మిషను చప్పుడు, కత్తెర చప్పుడు, అంతే. గొడుగాయన గోడ మీంచి తల పెట్టి, "ఏం బావగారూ, చెల్లెమ్మకి ఒంట్లో బాగాలేదా? నిన్నట్నించీ మీ ఇంట్లోంచి ఏమీ వినపడక నాకు తోచడం లేదు" అన్నాడు.

కోడలైతే మామగారి దగ్గరికొచ్చి గుసగుసగా, "మావయ్యా, మీరే ఏదో ఒకటి మాట్లాడండి. నాకు భయమేస్తోంది. నిన్న నేను అత్తయ్య కత్తెరతో పాలప్యాకెట్టు కోస్తే చూసి కూడా ఏమీ అనలేదు" అంది.

వడ్రంగి భోజనం దగ్గర ప్రయత్నించాడు. పెన్సిలు తీశాడు. గొంతు సవరించుకున్నాడు.

"పులుసు బాగుంది" అన్నాడు.

"అవి మంచినీళ్ళు మావయ్యా" అంది కోడలు.

ఆ రోజంతా ఆయన ఏదో పోగొట్టుకున్నవాడిలా తిరిగాడు. ఆ పెట్టె ముక్కలైపోతుందంటే ప్రాణం ఉసూరుమంటోంది. దాని ఒక్కో కిటికీ రెక్క ఆయనకి తెలుసు. కానీ నోరు తెరిస్తే ఆగని మనిషి నోరు మూసుకుందంటే, ఆ పెట్టె ఎంతైతే ఏం? తనకే కావాలని తెచ్చుకుంటున్నట్టు అయిపోలేదూ? తెల్లారగానే పార పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు. తవ్విన మట్టి తిరిగి గోతిలోకి వెయ్యడం మొదలుపెట్టాడు.

పార చప్పుడుకి ఆమె గుమ్మంలోకి వచ్చింది. చేతిలో కత్తెర ఉంది.

"ఏం చేస్తున్నారు?" అంది. రెండ్రోజుల తర్వాత మొదటి మాట.

"పూడుస్తున్నా."

"ఎందుకు?"

వడ్రంగి పార ఆపాడు. పెన్సిలు కోసం చెవి మీద చెయ్యి పెట్టాడు. పెన్సిలు లేదు, లోపల ఎక్కడో మర్చిపోయాడు. ఇంక మాట్లాడక తప్పలేదు.

"నువ్వు పెట్టె అన్నావు. నాకు పెట్టె అంటే అదే. ఇంకోటి తట్టలేదు. నువ్వప్పుడు షెడ్డుకొచ్చినప్పుడు అన్నావు కదా, రెండు వైపులా వెలుతురు, మిషను వేసుకుంటే బాగుంటుందని. అదే పెట్టె అది. నువ్వు అడుగుతున్నది అదేననుకున్నా. ఇల్లంతా నీ మిషను తిరుగుతోంది కదా, దానికి చోటు కావాలి కదా, అందుకని. నీకు చిన్న పెట్టే కావాలంటే రేపే చేసిస్తా. మంచి చెక్క ఉంది. ఆ పెద్దది రావద్దని డ్రైవరుకి చెప్పేస్తా. ఆ పందిరి అక్కడే ఉంటుంది."

ఆయన జన్మలో అన్ని మాటలు ఒక్క దమ్ములో మాట్లాడలేదు. పార మీద ఆనుకుని ఆయాసపడ్డాడు. గోడ అవతల గొడుగాయన చేతిలో గొడుగు నిలబడిపోయింది.

ఆమె గుమ్మం దిగి దగ్గరకొచ్చింది.

"ఎప్పుడో నేనన్న మాట మీకు గుర్తుందా?" అంది.

ఆయన తలూపాడు.

"మీకు గుర్తుండి, నేనే మర్చిపోయానని ఆ దూలాలు చూశాక నాకెంత సిగ్గేసిందో తెలుసా? అందుకే నోరు రాలేదు. కోపమనుకున్నారా?" కళ్ళు తుడుచుకుంటూ నవ్వేసింది. ఆ వెంటనే వేలు చూపించింది. "ఉండండి, ముందు ఇది చెప్పండి. దానికి తాళం ఉందా?"

"ఉంది."

"తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

వడ్రంగి నీళ్ళు నమిలాడు. "పెట్టెలన్నిటికీ ఒకటే. నాలుగు పలకల ఇనప చెవి. షెడ్డులో అందరి జేబుల్లోనూ ఉంటుంది."

"అందరి దగ్గరా ఉంటే అది తాళం ఎలా అవుతుందండీ? కొత్త తాళం వెయ్యాలి. చెవి ఒక్కటే ఉండాలి. అది నా దగ్గరే ఉండాలి. మీక్కూడా ఇవ్వను. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటా."

"అయితే పూడ్చింది మళ్ళీ తవ్వండి. టైమెక్కడుంది? ఆదివారం ఎల్లుండే! ఒరేయ్ తమ్ముడూ!" కేక వీధి చివరిదాకా వెళ్ళింది. "ఎక్కడ చచ్చావురా! మీ బావ సగం గొయ్యి పూడ్చిపెట్టారు, పారందుకో!"

గోడ అవతల గొడుగాయన, "హమ్మయ్య" అన్నాడు పైకే.

*

అప్పటి నుంచీ పెరట్లో ఆమె చెప్పిందే చెల్లింది. కొంగు బిగించి, చిక్కుడు తీగని కొమ్మ కొమ్మకీ గుడ్డపేలికలు కట్టి, వేరు చుట్టూ మట్టిగడ్డతో సహా గోడవారకి జరిపించింది. "పెట్టె పక్కనే నాటుతున్నా. రేపు దాని మీదికే పాకుతుంది. పందిరి ఖర్చు లేదు" అంది. కోడలు కంకర మోసింది. బావమరిది దూలాలు పరిచి, నీళ్ళ గొట్టంతో మళ్ళీ మట్టం చూశాడు. పట్టాలు రెండూ వేసి మేకులు దిగ్గొట్టాక, వడ్రంగి వంగి ఒక కన్ను మూసి చూశాడు. పెన్సిలు తీయలేదు, అంటే బాగుందని అర్థం.

ఆదివారం పొద్దున సందంతా జనం. క్రేను కొక్కేనికి వేలాడుతూ పెట్టె గోడ మీంచి లేచింది. రంగు పొలుసులు పొలుసులుగా ఊడింది, కిటికీలకి అద్దాలు లేవు, కప్పు మీద పిచ్చిమొక్క ఒకటి అలాగే ఉంది. అయినా గాల్లో అలా మెల్లగా తిరుగుతుంటే సందంతా మెడలెత్తి చూసింది.

"ఆపు! ఆపు!" అని అరిచాడు డ్రైవరే.

బావమరిది ముందే షెడ్డుకెళ్ళి పెట్టె పొడవు కొలిచాడు. చెక్క ఈ చివర నుంచి ఆ చివరిదాకా కొలిచాడు. పెట్టెకి ముందు రెండు, వెనక రెండు గుండ్రటి ఇనప పళ్ళేల్లా పొడుచుకొచ్చే బఫర్లుంటాయని మర్చిపోయాడు. వెనక రెండూ ఇప్పుడు గొడుగాయన గోడకి ఆనుతున్నాయి.

"ఒరేయ్ తాపీ! టేపు పెట్టి కొలిచావా, మీసం పెట్టి కొలిచావా?" అంది అక్క.

"అవి కూడా పెట్టే అని నాకెవరు చెప్పారక్కా? పెట్టె కొలవమన్నారు, పెట్టె కొలిచా!"

పెట్టె గాల్లోనే ఆగింది. అందరూ గొడుగాయనవంక చూశారు. ఆయన గోడ దగ్గరకొచ్చి, గొడుగు కొనతో రెండు చోట్ల తట్టాడు.

"ఇక్కడొకటి, ఇక్కడొకటి. కంతలు కొట్టండి. నా పెరట్లోకి రెండు ఇనప మూతులు వస్తే వచ్చాయి. ఒకదానికి గొడుగు తగిలించుకుంటా. రెండోదానికి చొక్కా" అన్నాడు.

బావమరిది సుత్తి తీసుకుని గోడెక్కాడు. ఇటుకలు రాలాయి. పెట్టె మళ్ళీ దిగింది. చక్రాలు పట్టాలకి తగిలి "ఠంగ్"మన్నాయి. ఆ చప్పుడుకి వడ్రంగి భుజాలు దిగాయి. చాలాకాలం తర్వాత ఎవరో ఇంటికొచ్చినట్టు నవ్వాడు. ఆ నవ్వు కోడలు అంతకుముందు చూడలేదు.

ఆ తర్వాత రోజులన్నీ ఒకటే పని. పాత రంగు గీకితే కింద ఎరుపు, ఎరుపు గీకితే కింద ఆకుపచ్చ, దాని కింద ఎవరికీ గుర్తులేని పసుపు. "ఈ పసుపే వెయ్యండి. చిక్కుడు పువ్వు పక్కన బాగుంటుంది" అంది ఆమె. వడ్రంగి పుచ్చిన చెక్కలు తీసి కొత్తవి అతికాడు. కిటికీ రెక్కలు మళ్ళీ పైకీ కిందికీ జారేలా గాడుల్లో మైనం రాశాడు. బల్లల్లో రెండు తీసి కుట్టుబల్ల చేశాడు. సామాను పెట్టుకునే పై అరల్లో గుడ్డలు, కింద సొరుగుల్లో దారాలు, బొత్తాలు, కొలతల చీటీలు. ఆమె ప్రతిపూటా వచ్చి, "ఇది ఇక్కడ కాదండీ, అక్కడ" అనేది. ఆయన పెన్సిలుతో గీత చెరిపి ఇంకో గీత గీసేవాడు. ఆ మధ్య కూర్చుని ఆమె చెప్పే కబుర్లు ఆ చెక్కల్లోకి ఇంకిపోయాయో ఏమో, ఆ పెట్టెలో నిలబడితే ఎప్పుడూ ఎవరో మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

చివరగా తాళం. పాత నాలుగు పలకల కంతని ఇత్తడి రేకుతో మూసేసి, కొత్త తాళం బిగించాడు. చెవి ఒక్కటే. ఆమె దాన్ని దారానికి గుచ్చి మెళ్ళో వేసుకుంది. మిషను లోపలికెక్కింది. కత్తెర కూడా ఎక్కింది. తలుపు మూసుకుంది. లోపల "క్లిక్"మంది.

పెరట్లో అందరూ నిలబడి విన్నారు. ముందు మిషను చప్పుడు. తర్వాత పాట. ఆమె పాడుతుందని కూడా ఎవరికీ తెలియదు.

"అత్తయ్యా, టికెట్టు కొంటే రానిస్తారా?" అంది కోడలు.

"రిజర్వేషనంతా అయిపోయింది" అని లోపల్నుంచి జవాబొచ్చింది.

ఆ మర్నాడు వడ్రంగి కప్పు అంచు రుద్దడానికి ఉప్పుకాగితం తీశాడు. పెద్ద కాగితం, చిన్న ముక్క కావాలి. అలవాటుగా చెయ్యి చాపాడు. వరండాలో లేదు. వంటగది గుమ్మంలో లేదు. కోడలు పళ్ళతో పాలప్యాకెట్టు చింపుతోంది. గోడ అవతల గొడుగాయన ఒక వైపు పొడుగు, ఒక వైపు పొట్టి మీసంతో అద్దంలో చూసుకుంటున్నాడు. బావమరిది తీగని రాయి మీద పెట్టి కొడుతున్నాడు.

వడ్రంగి పెట్టె మెట్టెక్కి కిటికీ రెక్క మీద వేలితో తట్టాడు. రెక్క జారింది. మొహం కనపడింది, వెనకాల రెండు వైపుల నుంచీ ఎండ.

ఆయన ఉప్పుకాగితం చూపించాడు. పెన్సిలు తీసి, దాని మీద ఎక్కడ కొయ్యాలో గీత కూడా గీసి చూపించాడు.

"ఇవ్వను" అంది ఆమె.

రెక్క మళ్ళీ మూసుకుంది. ఎక్కడా పట్టలేదు, కిరకిరలాడలేదు, తన చేతి పని గనక మెత్తగా జారింది. వడ్రంగి మెట్టు మీదే కూర్చున్నాడు. కాగితాన్ని గీత మీద మడిచి, గోరుతో నొక్కి, చేత్తోనే చింపాడు. వంకరగా చిరిగింది. అయినా ఆయన మొహం వెలిగిపోతోంది. లోపల మిషను పరుగెడుతోంది, పెట్టె కదులుతోందేమోనన్నట్టు.